నాలుగు జీబీల నెమళ్లు

ఆ గురువారం పొద్దున నాగరాణి వేసుకున్న ఏర్పాటు చాలా చిన్నది. తొమ్మిదింటికల్లా పప్పు దించాలి, పదింటికల్లా కంప్యూటర్లోకి బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ ఒకటి ఎక్కించాలి, మధ్యాహ్నానికి రెండు నెమళ్లు గీసి పారేయాలి. వీటిలో పప్పు ఒక్కటే అనుకున్న వేళకు దిగింది.

నార్కట్‌పల్లిలో నాగరాణి గీతకు ఇప్పుడిప్పుడే పేరొస్తోంది. పెళ్లి జాకెట్ల మగ్గం పనికి ఆమె కాగితం మీద డిజైన్ గీస్తే, వెనక వీధిలో లాడ్లీ బేగం, ఆమె భర్త చోటే మియా కలిసి దాన్ని పట్టు మీద జరీతో కుడతారు. ఇన్నాళ్లూ వచ్చినవన్నీ చేతుల అంచులు, మెడ చుట్టూ తీగలే. ఈసారి కట్టంగూర్ నుంచి సోమమ్మ వచ్చింది. సోమమ్మకు రెండు వందల గొర్లు, ఒక్కతే బిడ్డ, మందకు తక్కువ కాని చుట్టాలు.

"ఈ మాఘంల మా వాళ్లవే ఇంక అయిదు పెండ్లిండ్లున్నయి బిడ్డా. మా శిరీష జాకెట్ మంచిగొచ్చిందనుకో, అందర్ని నీ దగ్గరికే తోల్కొస్త. రాలేదనుకో, ఇగ నీ ఇష్టం," అని చెప్పి పోయింది.

అయిదు పెళ్లిళ్లంటే మాటలు కాదు. అవి దక్కితే నాగరాణి డిజైనర్. దక్కకపోతే మళ్లీ తీగలు గీకుడే. 'తీగలు గీకుడు' అన్న మాట ఆమె భర్త పరమేష్‌ది. అతను దాన్ని ప్రేమగానే వాడతాడు. అదే బాధ.

సోమమ్మ అడిగింది వీపు మీద ఎదురెదురుగా రెండు నెమళ్లు. నాగరాణి చేత్తో గీస్తే కుడి నెమలి సన్నగా, ఎడమ నెమలి కడుపుతో ఉన్నట్టు వచ్చేవి. ఎంత చెరిపి గీసినా ఎడమదానికి నెలలు తగ్గలేదు. అందుకని, మరిది జిరాక్స్ సెంటర్ మూతపడ్డాక అటక ఎక్కిన కంప్యూటర్‌ను దింపించింది. ఏ సాఫ్ట్‌వేర్ తీసుకోవాలో లాడ్లీ బేగం కూతురు మెహ్రీన్‌ను అడిగింది. నల్లగొండ హాస్టల్లో ఉండి డిగ్రీ చదివే ఆ పిల్ల, ఆదివారం ఇంటికొచ్చినప్పుడు మూడు పేర్లు చీటీ మీద రాసిచ్చింది.

"మొదటిది కంప్యూటర్ల ముందే ఉంటది ఆంటీ, చిన్నపిల్లలు గీసుకునేది. రెండోది ఫ్రీ. మూడోది పైసలది, కాని పదిహేను రోజులు ఊరికే వాడి చూడనిస్తరు. మీ పనికి రెండోది మస్తు సాలు," అని కూడా చెప్పింది. అంత స్పష్టంగా చెప్పిన మాటను ఇంట్లో మగవాళ్లున్నప్పుడు అంత తేలిగ్గా పాటించడం కుదరదు.

పరమేష్ హైవే మీద ధర్మకాంటాలో ఇరవై ఏళ్లుగా లారీలు తూకం వేస్తున్నాడు. ఇసుక లారీ మలుపు తిరుగుతుండగానే టైర్లు చూసి బరువు చెప్పగలడు. అతని లోకంలో వస్తువులు రెండే రకాలు, తూగేవి, తూగనివి. పెళ్లిచూపుల్లో కూడా నాగరాణి వాళ్లు పెట్టిన ఇత్తడి పళ్లెం ఒకసారి చేత్తో ఎత్తి చూసి, ఆ తర్వాతే ఆమె వైపు చూశాడని చుట్టాల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

"మూడిట్ల ఏది ఎంత తూగుతది?" అన్నాడు చీటీ తీసుకుని.

"సాఫ్ట్‌వేర్ తూగుడేంది? బొమ్మ మంచిగొస్తదా లేదా గది అడుగు."

"గీడ రాసే ఉంది సూడు. గీ ఫ్రీది వంద ఎంబీ. గిది నాలుగు జీబీ. అంటే నలబై రెట్లు. నలబై రెట్ల సరుకు ఊరికే ఇస్తమని ఆళ్లు పిలుస్తుంటే, వంద ఎంబీది తెచ్చుకునుడు తెలివేనా?"

"మెహ్రీన్ రెండోదే సాలన్నది."

"గా పోరికి కాంట సంగతి ఏం తెల్సు?"

నాలుగు జీబీలు ఇంట్లోకి దిగేసరికి శుక్రవారం సాయంత్రమైంది. ఇద్దరి ఫోన్లలోని నెట్టూ అయిపోయింది. దాన్ని మోయలేక కంప్యూటర్ పిండి గిర్నీలా మోత మొదలుపెట్టింది. "సప్పుడు చేస్తాందంటే పని చేస్తున్నట్టే," అన్నాడు పరమేష్. ఆ లెక్కన ఆ ఇంట్లో ఎక్కువ పని ఎవరు చేస్తున్నట్టో నాగరాణి మనసులోనే తేల్చుకుంది.

కాని, శనివారం ఆమె ఒక్క నెమలిని గీసి మీట నొక్కితే, రెండోదాన్ని ఆ యంత్రమే గీసిచ్చింది. ఎదురుగా అచ్చం అలాంటి నెమలే, అదే నడుము, అదే మెడ వంపు. నాగరాణి తెర ముందు అలా కూర్చుండిపోయింది. నలభై రెట్ల మాట నిజమేనేమో అనిపించింది. ఆ సంగతి భర్తకు చెప్పకుండా జాగ్రత్తపడింది.

డిజైన్‌ను చౌరస్తాలోని జిరాక్స్ షాపుకు ఫోన్లో పంపించి, పెద్ద కాగితం మీద అచ్చు వేయించి తెమ్మని పరమేష్‌కు చెప్పింది. ఇక్కడే ఆ సాఫ్ట్‌వేర్ తన పని తాను చేసింది. ఊరికే వాడుకునేవాళ్ల బొమ్మ మీద అది ఒక ముద్ర వేసి పంపుతుంది. గీస్తున్నంతసేపూ ఆ ముద్ర తెర మీద కనిపించదు, అచ్చు వేశాకే బయటపడుతుంది. రెండు నెమళ్ల నడుమ నాగరాణి చక్కగా వదిలిపెట్టిన ఖాళీలో, లేత బూడిద రంగులో, ఇంగ్లీషులో రెండు మాటలు పడ్డాయి. 'ట్రయల్ వర్షన్' అని.

"అక్షరాలు లేతగ ఉండె అన్నా, నేనే నల్లగ కొట్టిన," అన్నాడు జిరాక్స్ షాపతను.

"మంచి పని చేసినవ్," అన్నాడు పరమేష్. ఏం రాసుందో చూడకుండానే కాగితాన్ని చుట్టచుట్టి, ఇంటికి తెచ్చి మళ్లీ వెనక వీధికి మోయడం దండగని, నేరుగా చోటే మియా చేతిలో పెట్టి డ్యూటీకి వెళ్లిపోయాడు.

చోటే మియా ఇంట్లో ఒక నియమం ఉంది. కాగితాన్ని ప్రశ్నించకూడదు. "కాగితం మీద మఖ్ఖీ వాలి ఉంటే ఆ ఈగను గూడ కుట్టాలె," అనేది వాళ్ల నాయిన చెప్పిన మాట. కాగితం మీది ప్రతి గీత వెంటా సూదితో సన్నటి బెజ్జాలు పొడిచి, కాగితాన్ని పట్టు మీద పరిచి, కిరసనాయిల్లో కలిపిన చాక్‌పొడి రుద్దితే డిజైన్ మొత్తం గుడ్డ మీదికి దిగుతుంది. దిగినదంతా జరీ అవుతుంది. ఆలుమగలిద్దరికీ ఉర్దూ వచ్చు, తెలుగు బోర్డులు కూడబలుక్కుంటారు. ఇంగ్లీషు వాళ్లకు వంపులు తిరిగిన తీగ.

"పేర్లు పెట్టిచ్చుకున్నరు," అని లాడ్లీ బేగం తేల్చింది. ఈమధ్య పెళ్లికూతుళ్లంతా వీపు మీద పేర్లు కుట్టించుకుంటున్నారు మరి. "రెండు మాటలున్నయి సూడు. చిన్నది దుల్హన్‌ది, పెద్దది దుల్హాది."

"నడుమ ఒక దిల్ ఏస్తే మంచిగుంటది," అన్నాడు చోటే మియా.

"కాగితం మీద లేదు గద."

"ఏ, జిందగీల ఒక్కసారి," అని చోటే మియా నాయిన మాటను పక్కన పెట్టి, ఎర్ర పూసలతో గుండె ఒకటి కుట్టాడు. పేర్లు కదాని అక్షరాలకు రెండు పేటల జరీ వేశారు.

పది రోజులు గడిచాయి. పెళ్లి ఇంకా నాలుగు రోజులుందనగా, బుధవారం నాడు నాగరాణి పని ఎంతవరకు వచ్చిందో చూద్దామని వెళ్లింది. మగ్గానికి బిగించిన మెరూన్ పట్టు మీద నెమళ్లు ప్రాణంతో ఉన్నాయి. వాటి నడుమ, జానెడు వెడల్పున, బంగారు రంగులో ఆ రెండు మాటలు ధగధగలాడుతున్నాయి.

"ఆపా, గిదేంది?" అంది నాగరాణి. లాడ్లీ బేగం ముఖం వెలిగింది.

"పేర్లు! నీ కాగితం మీదియే. గిది శిరీష, గిది పిలగాడు."

"పిలగాని పేరు నవీన్‌కుమార్ ఆపా."

"అదే, న-వీన్-కు-మార్," లాడ్లీ బేగం ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి నమ్మకంగా చదివింది. "సోమమ్మ నిన్న ఒచ్చి చూసి శాన మురిసింది. ఫోన్ల ఫోటో గూడ కొట్టుకున్నది."

"అవి పేర్లు గావు. ఆ సాఫ్ట్‌వేర్ ఏసిన ముద్ర."

"ఏమని ఏసింది?" అన్నాడు చోటే మియా.

నాగరాణి చెప్పక తప్పలేదు. "ఇది ఊరికే వాడి చూడనీకి ఇచ్చింది. నచ్చకపోతే వాపస్. గట్లాంటి అర్థం భాయ్."

చోటే మియా సూది కింద పెట్టాడు. "యా అల్లా! దుల్హన్ వీపు మీదనా?"

కబురందుకున్న పరమేష్ కాంటా వదిలి పరుగున వచ్చాడు. వంగి ఆ అక్షరాలను వేలితో తడిమి చూశాడు. చివరికి, "ఎన్ని గ్రాముల జరీ పట్టి ఉంటది?" అన్నాడు. నాగరాణి అతని వైపు చూసిన చూపుకు వెళ్లి వాకిట్లో కూర్చున్నాడు.

ఆ సాయంత్రమే అక్షరాలు విప్పడం మొదలుపెట్టి, మర్నాడు మధ్యాహ్నానికి ముగించారు. కాని, పట్టు మీద సూది పొడిచిన చోటు మరిచిపోదు. జరీ పోయినా బెజ్జాల వరుసలో ఆ రెండు మాటలూ దయ్యాల్లా కనిపిస్తూనే ఉన్నాయి. వాటిని కప్పడానికి ఇంకేదైనా కుట్టాలి. కంప్యూటర్లో గీస్తే అది మళ్లీ ముద్ర వేసి పంపుతుంది. నాగరాణి పెద్దగా ఊపిరి పీల్చి, చాక్‌పీసు తీసుకుని, గుడ్డ మీదే నేరుగా గీసింది. ఒక గొర్రె. దాని వెనక ఇంకో గొర్రె. బెజ్జాలు ఎంత దూరం ఉంటే అంత దూరం మంద.

"అరె, ఉన్నికి ముడికుట్టు మస్తు కుదుర్తది!" అన్నాడు చోటే మియా. తన గుండెను మాత్రం విప్పనివ్వలేదు. బతిమాలి బతిమాలి విసిగి, గొర్లను దాని చుట్టూ మేపారు.

శనివారం పొద్దున సోమమ్మ బిడ్డను వెంటబెట్టుకుని నాగరాణి ఇంటికి వచ్చింది. పరమేష్ ఇంట్లో లేడు. చేసిన తప్పు దిద్దుకొస్తానని తెల్లవారి లేస్తూనే ఎటో వెళ్లాడు. చోటే మియాతో కలిసి వచ్చిన లాడ్లీ బేగం జాకెట్ మడత విప్పి పరిచింది. సోమమ్మ ముఖం మాడిపోయింది.

"పేర్లేవి? నా బిడ్డ పేరేది, అల్లుని పేరేది? మంగళారం నా కండ్లతోని చూసిన గద! కోస్గిల వియ్యపురాలికి ఫోటో పంపిన. 'పేర్లు శాన మంచిగున్నయొదినా' అని ఆమె గూడ అన్నది. ఇప్పుడు తీసేసిండ్రంటే ఆళ్లు ఏమనుకోవాలె?"

నాగరాణి కళ్ల ముందు అయిదు పెళ్లిళ్లు ఒకదాని వెనక ఒకటి నడిచి వెళ్లిపోయాయి. అబద్ధమాడదామంటే ఏ అబద్ధం అతుకుతుందో తట్టలేదు. "సోమక్కా, అవి పేర్లు గావు. తప్పు నాదే," అని మొదలుపెట్టి, నెమలి కడుపు దగ్గర్నుంచి జిరాక్స్ షాపు దాకా అంతా చెప్పేసింది. ఆ మాటల అర్థం కూడా, కొంచెం మెత్తగా చేసి చెప్పింది.

సోమమ్మ నోరు తెరిచేలోపు, పక్కన శిరీష చున్నీలో మొహం దాచుకుని కిసుక్కున నవ్వింది.

"నాకు తెల్సు ఆంటీ. ఫోటో చూసిననాడే సదివిన. ఆయన గూడ సదివిండు. 'గిదేంది, ట్రయలా?' అని మెసేజ్ పెట్టిండు."

"నువ్వేమన్నవ్?" అంది నాగరాణి.

"'అవును, పదిహేను రోజులు చూస్తం, నచ్చకపోతే వాపస్' అన్న. అప్పట్నుంచి రోజుకు రెండుసార్లు ఫోన్ చేసి, 'నీకేం కావాల్నో చెప్పు, ఇంట్ల ఎట్లుండాల్నో చెప్పు' అని అడుగుతాండు. పెండ్లిచూపులల్ల ఒక్క మాట అడగలే!"

సోమమ్మకు ఈ మాటలు సగమే వినిపించాయి. ఆమె అప్పటికే జాకెట్ మీదికి వంగి, వేలితో ఒక్కోదాన్నీ తాకుతూ లెక్కపెడుతోంది. గొర్లు కనిపిస్తే లెక్కపెట్టకుండా ఉండడం ఆమె వల్ల కాదు.

"పదమూడు. గీ వెనకది కుంటుతాంది."

"కుంటుత లేదమ్మా, ఆడ సూది బెజ్జం ఉండె. కాలు అట్ల ఒంచిన," అన్నాడు చోటే మియా భయంగా.

"ఉండనియ్. ప్రతి మందల ఒక కుంటిదుంటది. లేకుంటే అది నిజం మంద గాదు." ఆమె ముఖం మెల్లగా విచ్చుకుంది. "మా గొర్లే ఇవి. గా ఎర్రది గడ్డి వామా?"

చోటే మియా తన గుండెను వామిగా ఒప్పుకోవడానికి ఒక్క క్షణం పట్టింది. "అవునమ్మా," అన్నాడు.

"పేర్లు ఎవలైన రాపిచ్చుకుంటరు. మంద ఎవలికున్నది? అయిదు జాకెట్లు నువ్వే గీయాలె బిడ్డా," అంది సోమమ్మ. నాగరాణి మూడు రోజులకు సరిపడా ఊపిరి ఒక్కసారే వదిలింది.

"గొర్లు పెండ్లికి ఉండనియ్ ఆంటీ," అంది శిరీష. "కాని, కోస్గిల దావత్‌కు ఇంకో జాకెట్ ఉంది. దాని మీద మాత్రం గా రెండు మాటలే ఉండాలె. ఒక్క అక్షరం మారొద్దు. మా చిన్నమ్మ బిడ్డలకు గూడ ఫోటో పంపిన. ఆళ్లు నలుగురికి గవే కావాల్నట."

సరిగ్గా అప్పుడే పరమేష్ చెమటలు కక్కుతూ లోపలికి వచ్చాడు. ముఖంలో విజయం.

"రాణీ! పదిహేను రోజులు నిన్నటితోని అయిపోయినయ్. నెట్ షాపుకు పోయి పైసలు కట్టొచ్చిన. ఇగ గా రాతలు జన్మల రావు! ఇంకో సంగతి, పైసలు కట్టినోళ్లకు ఇచ్చేది ఏడు జీబీలంట!"

శిరీష మళ్లీ చున్నీ వెతుక్కుంది.

ఏడు జీబీలూ మూడు రోజుల పాటు దిగుతూనే ఉన్నాయి. ఆలోపు నాగరాణి ఆ రెండు మాటలనూ పెన్సిలుతో గీసి చోటే మియాకు పంపింది. పెన్సిలు ఎంత తూగుతుందని పరమేష్ అడగలేదు.