పెరుగుతున్న ప్లాటు, ఆరని టార్చి

ఆ ఆదివారానికి సుబ్రహ్మణ్యం వేసుకున్న పథకం చాలా చిన్నది. తెల్లవారుజామునే లేవాలి. కొత్త టార్చిలైటును పరీక్షించాలి. చీకటి విడవకముందే స్కూటరు మీద కొండాపూర్ వైపున్న తన ప్లాటుకు వెళ్ళి, హద్దురాయిని జరుపుతున్న దొంగను వెలుగులో పట్టుకోవాలి. ఎనిమిదింటికల్లా కూకట్‌పల్లిలోని అద్దె ఇంటికి తిరిగొచ్చి ఇడ్లీ తినాలి. ఇందులో తేడా రావడానికి ఏముంది చెప్పండి?

ఆయన ప్రభుత్వ స్టోర్సులో ఇన్‌స్పెక్టరు. వచ్చిన సరుకును తట్టి, వంచి, గీకి, వాసన చూసిగాని సంతకం పెట్టడు. ఆ గుణాన్ని ఆఫీసులోనే వదిలేసి వస్తే బాగుండేది. మహానుభావుడు ఇంటికి కూడా తెచ్చుకున్నాడు. పాలవాడి క్యానులో వేలు ముంచుతాడు. కొబ్బరికాయను రెండు చెవుల దగ్గరా ఊపి చూస్తాడు. ఎవరైనా పెళ్ళికి పిలిస్తే, "మనల్నెందుకు పిలిచినట్టు?" అని రెండు రోజులు ఆలోచిస్తాడు.

మాదాపూర్‌లో సైబర్ టవర్స్ లేచినప్పటి నుంచి ఆ చుట్టుపక్కల ప్లాటున్న ప్రతివాడికీ ఆదివారం ఒకటే పని, తన రాళ్ళు తన చోటే ఉన్నాయో లేదో చూసుకు రావడం. సుబ్రహ్మణ్యం కూడా టేపు పట్టుకుని, భార్య పద్మావతిని వెనక కూర్చోబెట్టుకుని వెళ్ళేవాడు. అందరికీ ప్లాటు తగ్గిపోతుందని బెంగ. ఈయనకొచ్చిన కష్టం వేరు. ఈయన ప్లాటు పెరుగుతోంది. దసరా వెళ్ళాక కొలిస్తే పడమటి పక్క జానెడు ఎక్కువ వచ్చింది. టేపు సాగిందేమోనని కొత్త టేపు కొన్నాడు. తర్వాతి వారం ఇంకో జానెడు పెరిగింది.

ఇంకొకరైతే నోరు మూసుకుని ఊరుకునేవారు. సుబ్రహ్మణ్యానికి నిద్ర పట్టడం మానేసింది.

"ఊరికే భూమి ఎవడిస్తాడు పద్మా? ఇదంతా ఆ పక్క ప్లాటు నర్సయ్య పనే. రాయిని తన ప్లాటులోకి తనే జరుపుకుని, బాగా లోపలికి వచ్చాక నేను కబ్జా చేశానని కేసు పెడతాడు. నేను గవర్నమెంటు ఉద్యోగిని. కేసంటే సస్పెన్షను. సస్పెన్షనంటే ఇంటి లోను గల్లంతు."

"పాపం, బస్సు నడుపుకునే మనిషి. ఆయనకివన్నీ ఎందుకండీ?" అంది పద్మావతి. "పెరిగితే పెరగనివ్వండి. మనమేమన్నా అడిగామా?"

"అదే నీ అమాయకత్వం!" అన్నాడాయన. సొంతింట్లో గృహప్రవేశం మాట దేవుడెరుగు, ముందు పోలీస్ స్టేషన్ గడప తొక్కాల్సి వస్తుందేమోనని లోపల్లోపల వణికిపోతున్నాడు.

అందుకని కోఠీకి వెళ్ళి టార్చి కొన్నాడు. మూరెడు పొడవు, అల్యూమినియం ఒళ్ళు. తల తిప్పితే వెలుగు చిన్నదీ పెద్దదీ అవుతుంది. మీటను ఒకసారి తోస్తే నిలకడగా వెలుగుతుంది, ఇంకోసారి తోస్తే ఆరుతూ వెలుగుతూ ఉంటుంది. "గీడికెల్లి లైటు కొడితే చార్మినార్ గడియారంల టైము చూడొచ్చు సార్," అన్నాడు షాపతను. సుబ్రహ్మణ్యానికి వెంటనే అనుమానం వచ్చింది. "అయితే ఒకసారి కింద పడేసి చూస్తాను," అన్నాడు. "అరే, జర ఆగుండ్రి! పైసలిచ్చినంక ఇంట్లకు వోయి పడేస్కోండ్రి," అని షాపతను టార్చిని లాక్కున్నాడు.

ఆ మాట ప్రకారమే ఆదివారం తెల్లవారుజామున ఇంట్లో పడేశాడు. మొదట బల్ల మీద నుంచి, తర్వాత బీరువా మీద నుంచి. రెండోసారి ఠంగుమని మోగేసరికి కింది వాటాలోని ఇంటి ఓనరు కమలమ్మ లేచి అరిచింది.

"ఏం పడ్డదయ్యా పొద్దుపొద్దుగాల?"

"పడలేదండీ, పడేశాను!"

"పడేసినవా? నా గచ్చు మీదనా? నీకేమన్న దిమాక్ ఖరాబైందా?"

టార్చికి ఏమీ కాలేదు, వెనక మూత మాత్రం కాస్త సొట్టబోయింది. తర్వాత నీళ్ళ పరీక్ష. వానలో కూడా దొంగను పట్టుకోవాలి కదా! టార్చిని బకెట్లో ముంచి, పళ్ళు తోముకుని వచ్చి తీశాడు. వెలిగింది. ఆయన ముఖంలో కొంచెం నిరాశ కనిపించింది. నీళ్ళు లోపలికి పోకుండా సొట్ట మూతను కటింగ్ ప్లయరుతో బిగించి, మీటను వేలు నొప్పి పుట్టేదాకా ముందుకీ వెనక్కీ తోశాడు. చివర్లో అది ఆరుతూ వెలుగుతూ కాసేపు మొరాయించింది. ఏ సరుకైనా అలా మొరాయిస్తే, అక్కడితో వదిలేయమని బతిమాలుతున్నట్టే లెక్క. ఈయన వింటేగా!

ఎప్పటిలాగే పద్మావతిని వెనక కూర్చోబెట్టుకుని ప్లాటు చేరేసరికి ఇంకా చీకటిగానే ఉంది. "నువ్వు వెళ్ళి పడమటి రాయి దగ్గర నిలబడు. నేను ఆ బండల దగ్గర నుంచి లైటు కొడతాను. నీ మొహం స్పష్టంగా కనబడితే టార్చి పాసైనట్టు," అన్నాడు సుబ్రహ్మణ్యం. పద్మావతి ఫలహారం బుట్ట చంకన పెట్టుకుని, "నింపాదిగా చూడండి, తొందరేం లేదు," అని చీకట్లోకి వెళ్ళిపోయింది.

ఆయన బండల దగ్గర నిలబడి మీట తోశాడు. టార్చి ఆకాశం వంక చూస్తూ ఆరడం, వెలగడం మొదలుపెట్టింది. మీట వెనక్కి లాగితే కదల్లేదు. కదిపితే వేగం పెంచింది. సెల్సు తీసేద్దామంటే మూత ఆయన చేతులతో ఆయనే బిగించిన మూతాయె, ఊడలేదు. కంగారుపడి టార్చిని స్వెట్టరు లోపల దాచుకున్నాడు. అప్పుడు ఆయన పొట్ట ఆరుతూ వెలగసాగింది.

పక్కనే సగం లేచిన అపార్ట్‌మెంటుకు కాపలా ఉండే ఓదెలు ఇదంతా చూశాడు. ఆ రోజుల్లో అక్కడ చీకట్లో దీపం కదిలిందంటే, తెల్లారేసరికి ఎవరి జాగా చుట్టో కొత్త గోడ లేస్తుందని అర్థం.

"ఓ సాయమ్మా, లే! ఎవలో లైటు కొట్టి మనుషులను పిలుస్తున్రు. జాగ కబ్జా పెట్టనీకే!" అని పెళ్ళాన్ని లేపాడు.

సాయమ్మ కళ్ళు నులుముకుని చూసి, "లైటు కాదయ్యా, మనిషే వెలుగుతుండు!" అంది.

"నువ్వు పళ్ళెం కొట్టు. నేను నర్సన్నను పిల్సుకొస్త," అని ఓదెలు సైకిలెక్కాడు. నర్సయ్య ఇల్లు ఆ పక్క సందులోనే. సాయమ్మ గరిటెతో పళ్ళెం వాయించడం మొదలుపెట్టింది. ఆ మోతకు కుక్కలు లేచాయి, కుక్కల మోతకు మనుషులు లేచారు. కాసేపటికి నర్సయ్య కర్ర పట్టుకుని వచ్చాడు. వెనకాల ఇంకో నలుగురు కూడా కర్రలతో వచ్చారు. ఎందుకొచ్చారో వాళ్ళలో ఇద్దరికి తెలియదు.

వాళ్ళను చూడగానే సుబ్రహ్మణ్యం ఒక అడుగు వెనక్కి వేశాడు. అనుకున్నంతా అయింది. నర్సయ్య సాక్షులతో సహా వచ్చాడు. ఇక దాక్కుని లాభం లేదని పొట్ట మీద చెయ్యి పెట్టుకుని ముందుకు నడిచాడు.

"ఎవడ్రా అది? లైట్లు కొట్టి ఎవల్ని పిలుస్తున్నవ్?" అని కేకేశాడు నర్సయ్య.

"నన్ను కేసులో ఇరికించడానికే కదయ్యా నువ్వు నా ప్లాటును పెంచుతున్నది?" అని అంతకంటే గట్టిగా అరిచాడు సుబ్రహ్మణ్యం.

నర్సయ్య కర్ర దించాడు. "మీరా సారూ! ప్లాటు పెంచుడేంది? అదేమన్న కోడిపిల్లనా, పెంచనీకి?"

"నాకు తెలియదనుకోకు. వారం వారం రాయిని నీ వైపు జరుపుతున్నావు. నా ఉద్యోగం ఊడగొట్టాలని చూస్తున్నావు."

"నా జాగ నేనే తగ్గించుకుంటనా? సారుకేమన్న పాణం బాగలేదా?" అని నర్సయ్య వెనకవాళ్ళ వంక చూశాడు. సారు పొట్ట ఇంకా వెలుగుతూనే ఉంది గనక వాళ్ళెవరూ కాదనలేకపోయారు.

"నా మాట నమ్మరా? రండి, రాయి ఎక్కడుందో మీ కళ్ళతో మీరే చూద్దురుగాని!" సుబ్రహ్మణ్యం స్వెట్టరులోంచి టార్చిని లాగి, కోపంతో బండకేసి ఒక్క దెబ్బ కొట్టి పడమటి వైపు తిప్పాడు.

టార్చి ఆరడం మానేసింది. పట్టపగల్లాంటి వెలుగు నిలకడగా సాగిపోయి, అంత దూరాన ఉన్న పద్మావతి ముక్కుపుడకతో సహా కనబడింది. ఆవిడ కొంగు నడుముకు చుట్టుకుని, రెండు చేతులతో హద్దురాయిని లాగుతోంది. పక్కన గుంట తవ్వి ఉంది. గుంట పక్కన, తెరిచిన ఫలహారం బుట్ట దగ్గర, పూలమొక్కలు తవ్వుకునే చిన్న గునపం ఉంది.

సాయమ్మ పళ్ళెం ఆపేసింది. సుబ్రహ్మణ్యానికి కబ్జాదారు దొరికింది. చుట్టూ సాక్షులున్నారు, వెలుగు కూడా తనదే.

నర్సయ్య మెల్లగా నడిచి ఆవిడ దగ్గరికి వెళ్ళాడు. రాయిని చూశాడు, ఆవిడ దాన్ని ఎటు లాగుతోందో చూశాడు. చూసి కర్ర కింద పడేసి రెండు చేతులూ జోడించాడు.

"అమ్మా! నా జాగలకొచ్చిన రాయిని నీ దిక్కు గుంజుకుంటున్నవా? ఈ కాలంల ఎవలు చేస్తరు తల్లీ గిట్ల?" అన్నాడు. "ఎవడో బ్రోకరుగాడు మనకూ మనకూ కొట్లాట పెట్టనీకి జరిపిండు సారూ. మీరు పాపం పొద్దుగాలనే వచ్చి సక్కగ చేస్తున్రు. నేనేమో కట్టె వట్టుకొని ఉరికొస్తి. ఫికర్ చెయ్యకుండ్రి, కేసు లేదు, గీసు లేదు. చాయ్ తాగి పోదురు, ఇంటికి రాండ్రి."

రాయిని నర్సయ్యే మోసుకొచ్చి పాత చోట పాతాడు. ఓదెలు మట్టి తొక్కాడు. టేపుతో కొలిస్తే ప్లాటు కాగితంలో ఉన్నట్టే వచ్చింది. చాయ్ తాగుతుండగా ఇంకో మాట కూడా తేలిపోయింది. ఇంత నిజాయితీపరుడు దొరకడు గనక లేఅవుట్‌లోని రాళ్ళన్నిటినీ ఇకనుంచి సుబ్రహ్మణ్యం సారే చూసుకోవాలట. ఆయన చాయ్‌ని వాసన కూడా చూడకుండా తాగేశాడు.

స్కూటరు దగ్గరికి వచ్చాక ఆయన అడిగాడు.

"ప్రతి వారం నువ్వేనా?"

"మీరు తూర్పు పక్క కొలుస్తుంటే నేను పడమటి పక్క జరిపేదాన్ని," అంది పద్మావతి తల వంచుకుని. "మూడు జానలు వస్తే పూజగది వేసుకోవచ్చని. దేవుడి కోసమే కదా అనుకున్నాను. మీరు సంతోషిస్తారనుకుంటే భయపడ్డారు. ఆపేద్దామనుకునేసరికి ఇంకో జానెడే తక్కువైంది. ఇవాళ ఆ జానెడూ జరుపుతుంటే కేసు, కేసని అరుపులు వినిపించాయి. పాత చోటికే లాగేశాను."

ఆయన పాలవాణ్ణి, షాపువాణ్ణి, నర్సయ్యను, చివరికి కొబ్బరికాయను కూడా అనుమానించాడు. ఈవిణ్ణి మాత్రం ఇన్నేళ్ళ సంసారంలో ఒక్క పూట కూడా అనుమానించలేదు. అది తలచుకుంటే ఆయనకు ఏడుపొచ్చినంత పనైంది.

"నాకు తెలిసిపోతుందని ఎప్పుడూ భయం వెయ్యలేదా పద్మా?"

"మీరు నన్ను అనుమానించరు కదండీ. ఆ ధైర్యంతోనే జరిపాను," అంది ఆవిడ, బుట్ట ఒళ్ళో పెట్టుకుని వెనక సీటెక్కి కూర్చుంటూ.

సుబ్రహ్మణ్యం స్కూటరు స్టార్టు చేసి, వెనకాల రోడ్డు చూపించే అద్దాన్ని పద్మావతి కనబడేట్టు తిప్పుకున్నాడు.