పది డబ్బాలు, పది చీటీలు

సోమవారం పొద్దున ఏడింటికి గోడౌన్ స్టోర్ కీపరు వంటగది అరలో పది డబ్బాలను వరుసగా నిలబెట్టాడు. పది అట్టముక్కల మీద పది పేర్లు ముందురోజే రాసిపెట్టుకున్నాడు. ఆయన కూతురికి ఎనిమిదేళ్ళు. ఇంట్లో పిట్ట అంటారు. మూడో తరగతి రెండోసారి చదువుతోంది. అక్షరాలు విడివిడిగా వచ్చు, కలిపి చదవమంటే నోరు మూతపడుతుంది. శనివారం టీచరు ఇంటికి వచ్చి ఇంట్లో వస్తువుల పేర్లే పది చదివిస్తానంది. ఆరు చదివితే పిట్ట నాలుగో తరగతికి వెళ్తుంది. లేకపోతే మూడోసారి మూడో తరగతి.

"మా గోడౌన్‌లో తొమ్మిది వేల రకాల సరుకుంది. ఎవడైనా వెతుక్కుంటాడా? చీటీ చూస్తాడు, చెయ్యి పెడతాడు. వారం రోజులు ఇవే చదివితే అదే వస్తుంది," అన్నాడు భార్యతో.

చీటీలు అంటించే పని పిట్టకే ఇచ్చాడు. నాలుగు సరిగ్గా పడ్డాయి. ఉప్పు, చక్కెర తారుమారయ్యాయి. పిండి, సబ్బుపొడి తారుమారయ్యాయి. టీపొడి, మిరియాలపొడి కూడా అంతే.

పిట్ట పలక కోసం పక్క గదిలోకి వెళ్ళగానే భార్య చీటీ పీకబోయింది. ఆవిడ ఆసుపత్రిలో నర్సు.

"ఆగు. దిద్దొద్దని టీచరుగారు చెప్పలేదూ? దిద్దితే అది మళ్ళీ నోరెత్తదు."

"అయితే ఉప్పు వేసుకుని టీ తాగుదామంటారా?"

"చీటీకీ సరుక్కీ తేడా వస్తే మా దగ్గర చీటీ ముట్టుకోం. సరుకు మారుస్తాం."

పిట్ట బడికి వెళ్ళాక ఆయన సరుకు మార్చాడు. సాయంత్రం పిట్ట వచ్చి మూతలు తీసి చూస్తే పదికి పది సరిపోయాయి. ఆ రోజు అది రెండు ముద్దలు ఎక్కువ తింది.

ఈ సంగతి నాన్నమ్మకు చెప్పాలని ఎవరికీ తోచలేదు. ఆవిడ కళ్ళల్లో శుక్లాలు. చీటీలతో ఆవిడకు పని లేదు. ఎర్ర మూత చక్కెర, తెల్ల మూత ఉప్పు. పదిహేనేళ్ళుగా అంతే. మంగళవారం మధ్యాహ్నం ఎర్ర మూత తీసి టీలో రెండు చెంచాలు వేసుకుంది. ఒక గుక్క తాగి గ్లాసు కింద పెట్టింది. కోడలు డబ్బాలు కలగాపులగం చేసిందనుకుంది. అడిగితే గొడవ. అడగకుండా మూతల ప్రకారం అన్నీ సర్దేసింది.

సాయంత్రం పిట్ట వేలు పెట్టి 'ఉప్పు' అని చదివింది. మూత తీస్తే చక్కెర. ఎవరికీ చెప్పకుండా మూత పెట్టేసింది.

బుధవారం పొద్దున స్టోర్ కీపరు చూసి, మొన్న తానే సరిగా మార్చలేదనుకుని మళ్ళీ మార్చాడు. మధ్యాహ్నం నాన్నమ్మ మళ్ళీ సర్దింది. గురువారం కూడా ఇదే పని జరిగింది. ఇద్దరూ చప్పుడు కాకుండా చేశారు.

గురువారం సాయంత్రం నర్సు జలుబుతో ఇంటికి వచ్చి, చీటీ చూసి, యూనిఫాంను సబ్బుపొడిలో నానబెట్టింది. అది పిండి. పొద్దున యూనిఫాం తాడు మీద దానంతటదే నిలబడింది. రెండోది లేక దాన్నే తొడుక్కుని వెళ్ళింది. కాలు విరిగిన రోగి ఒకడు ఆవిడను ఎగాదిగా చూశాడు.

"సిస్టర్, పిండికట్టు వేయాల్సింది నాకు కదండీ?"

ఇంటికి రాగానే ఆవిడ మొగుణ్ణి నిలదీసింది. "ఎవరండీ ఆ డబ్బాలు ముట్టుకుంటోంది?"

"ష్! పిల్ల వింటుంది."

శనివారం తొమ్మిదింటికి ఆయన సరుకంతా చీటీల ప్రకారం సరిచేసి, టీచరును తీసుకురావడానికి వీధి మలుపు దాకా వెళ్ళాడు. వచ్చే మనిషికి టీ ఇవ్వాలి కదా అని నాన్నమ్మ వంటగదిలోకి వెళ్ళి అన్నీ సర్దేసింది.

టీచరు మొదటి డబ్బా చూపించింది. పిట్ట అక్షరాల కింద వేలు జరిపింది. పెదాలు కదిలాయి. తర్వాత మూత తీసి, వేలు ముంచి నాకింది.

"చక్కెర."

టీచరు సున్నా వేసింది. పిట్ట మిగతా డబ్బాలు కూడా అలాగే చదివి, మూత తీసి, రుచి చూసి చెప్పింది. సబ్బుపొడిని మాత్రం వాసన చూసింది.

"పదికి నాలుగండీ," అంది టీచరు. కాగితం మడవబోయి ఆగింది. "ముందు నోట్లో ఏదో అనుకున్నావు. ఏంటమ్మా అది?"

"ఉప్పు."

"మరి చక్కెర అన్నావేం?"

"పొద్దున ఉప్పని చదివితే ఉప్పే ఉంటుంది. సాయంత్రం చదివితే చక్కెర ఉంటుంది. నాకు చదవడం రాదు కదా టీచర్. అందుకని నాకి చూసి చెప్తున్నా."

స్టోర్ కీపరు మూతలు తీసి చూశాడు. "రోజూ పొద్దున నేను మారుస్తూనే ఉన్నానే!"

"ఒరేయ్, నువ్వా? నేను కోడలనుకున్నానురా!"

"నేనా? ఎందుకు మారుస్తాను అత్తయ్యా?"

నాన్నమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. "కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది," అంది.

టీచరు కొత్త అట్టముక్క మీద 'కిటికీ' అని రాసి చూపించింది. పిట్ట చదివింది. లేచి వెళ్ళి కిటికీ ఊచలు పట్టుకు చూసింది. వెనక్కి వచ్చి తండ్రి మొహం చూసి, అప్పుడు చెప్పింది. "కిటికీ."

"మొదట పైకి చెప్పిందే రాయాలండీ. రాసేశాను," అంది టీచరు. "నెల తర్వాత మళ్ళీ వస్తాను. అప్పటిదాకా మూడో తరగతే."

పిట్ట డబ్బాలకు మూతలు పెట్టడం మొదలుపెట్టింది.

షరా గడిలో టీచరు రెండు వాక్యాలు రాసింది. 'పిల్లకు చదవడం వస్తోంది. ఇంట్లోవాళ్ళు సాయం చేయడం వెంటనే ఆపాలి.' స్టోర్ కీపరు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, కింద సంతకం పెట్టి, తేదీ కూడా వేశాడు.