తెగిన ఉయ్యాల తాడు

"ఈ బందరు తాలూకాలో నేరం చేసి నా కళ్ళు కప్పగలిగినవాడు ఇంకా పుట్టలేదు బావా," అంటూ బుచ్చిరాజు జేబులోంచి భూతద్దం తీశాడు.

అది నిజమే. అతని కళ్ళు కప్పాల్సిన అవసరం ఇంతవరకు ఎవరికీ రాలేదు. వారమంతా రైసుమిల్లులో గుమస్తా, ఆదివారం మాత్రం డిటెక్టివు.

పెడన నేతగాడు వెంకటరత్నానికి ఇదంతా వినే ఓపిక లేదు. దివిసీమ బురద నేలల్లో, పాముల మధ్య మకాం వేయబోతున్న సర్వే ఓవర్సీరు చలపతిరావుగారు, రెండు చెట్లకు కట్టుకుని పడుకునే గుడ్డ ఉయ్యాల ఒకటి నమూనాకు నేయమన్నారు. నచ్చితే మకాంలో అందరికీ ఇతని దగ్గరే నేయిస్తామన్నారు. మగ్గం ఖాళీగా పడివున్న రోజుల్లో ఆ ఒక్కటే ఆశ. ఆయన ఈ సాయంత్రమే వస్తున్నారు.

గుడ్డ దివ్యంగా కుదిరింది. తాళ్ళే కొంప ముంచుతున్నాయి. పెరట్లో కొబ్బరిచెట్ల మధ్య కట్టి చూస్తే, బావమరిది నరసయ్య ఎక్కీ ఎక్కగానే బోర్లా దొర్లాడు. వదులైందేమోనని వెంకటరత్నం మరింత బిగించాడు. వీధి పొడుగునా పడుగు పరిచి, ఒక్క పోగు కూడా జారకుండా బిగించడంలో ఊళ్ళో అతనికి పేరు. ఉయ్యాలనూ అలాగే, మీటితే మోగేలా లాగి కట్టాడు. ఈసారి నరసయ్య కూర్చోగానే తాడు తెగింది.

"తెగలేదు, ఎవరో కోశారు. రెండుసార్లూ ఘటనాస్థలంలో ఉన్నది నరసయ్యే," అని బుచ్చిరాజు తేల్చాడు.

"నా నడుం నేనే విరగ్గొట్టుకుంటానా?" అన్నాడు నరసయ్య, నువ్వులనూనె పట్టించుకుంటూ.

"కరడుగట్టిన నేరగాళ్ళు అదే చేస్తారు."

వెంకటరత్నం కొత్త తాళ్ళు బిగించి, స్నానానికి వెళ్ళాడు. అదే అదనుగా బుచ్చిరాజు వేలిముద్రల కోసం రెండు తాళ్ళూ ఊడదీసి, వాటిమీద బియ్యప్పిండి చల్లాడు. వాటినిండా తన ముద్రలే దొరుకుతున్న సమయంలో వీధిలో జట్కా ఆగింది. కంగారులో, పిండి చేతులు జారుతుంటే లాగి బిగించే సత్తువ లేక, రెండు తాళ్ళనూ చిట్టచివర పట్టుకుని చెట్లకు ముడివేశాడు. ఉయ్యాల కడుపుతో ఉన్న గేదెలా కిందికి వేలాడింది.

ఓవర్సీరుగారితో పెరట్లోకి వచ్చిన వెంకటరత్నం అది చూసి ముందుకు ఉరికాడు. ఒక్క నిమిషం ఆగమని బతిమాలేలోపే ఆయన ఎక్కి పడుకున్నారు.

దొర్లలేదు. తాడు తెగలేదు. ఆయన చేతులు తలకింద పెట్టుకుని మెల్లగా ఊగారు.

"ఇంత తాడు వదలాలని ఎవరు చెప్పారయ్యా? పోయిన మకాంలో మావాళ్ళు లాగి కట్టి తాళ్ళన్నీ తెంపారు. వదిలితే గుడ్డ కిందికి దిగి మనిషిని ఒళ్ళో పెట్టుకుంటుంది. బిగిస్తే తాడుమీద లాగుడు ఎక్కువ, పైన మనిషి నిలవడు."

వెంకటరత్నం నోరు తెరిచి బుచ్చిరాజు వైపు చూశాడు. మోచేతులదాకా పిండితో ఉన్న ఆ డిటెక్టివు, పద్ధతిగా పరిశోధిస్తే తేలని రహస్యం ఉండదని వినయంగా మనవి చేశాడు.

ఓవర్సీరుగారు మకాం మొత్తానికి ఉయ్యాలలు నేయమన్నారు, ఇంతే పొడుగు తాళ్ళతో. ఇలా కట్టడం తెలిసినవాడెవరైనా మకాం ఎత్తేసేదాకా అక్కడే ఉంటే బాగుండునన్నారు.

"మా బుచ్చిరాజు బావ ఉన్నాడండి," అన్నాడు వెంకటరత్నం, ఊపిరి కూడా తీసుకోకుండా.

"రేపే తీసుకెళ్ళండి," అన్నాడు నరసయ్య.

బుచ్చిరాజు ఛాతీ ఉప్పొంగింది. "దివిసీమలో నేరాలు ఎక్కువేనాండి?"

"దోమలండి," అన్నారు చలపతిరావుగారు, కళ్ళు తెరవకుండానే.