లీలాకుమారికి లైసెన్సు లేదు

డబ్బిచ్చి కొన్నవాడి మీద ఎంత నిఘా పెట్టినా తక్కువేనని కంప్యూటర్ ఆటల కంపెనీలు ఏనాడో తేల్చేశాయి. ఇందులో గొప్ప తర్కం ఉంది. దొంగ కాపీ ఆడేవాడి పేరు తెలియదు, ఊరు తెలియదు, ఫోన్ నంబరు అసలే తెలియదు. కొన్నవాడు మాత్రం ఇవన్నీ స్వయంగా రాసిచ్చి, పిలిచినప్పుడల్లా పలుకుతాడు. చేతికి దొరికినవాణ్ణి వదిలేసి దొరకనివాడి వెంట పడటానికి కంపెనీ వాళ్ళేమైనా తెలివితక్కువ వాళ్ళా?

మెట్టుగూడ ప్రభుదాస్‌కు ఈ తర్కం తెలియదు. పాపం, ముప్ఫై నాలుగేళ్ళు రైలింజను నడిపి రిటైరైన మనిషి. పెళ్ళైన కొత్తలోనే ఆయన భార్య లీలాకుమారికి ఒక కోరిక పుట్టింది. ఇంజనులో మొగుడి పక్కన కూర్చుని సికింద్రాబాద్ నుంచి కాజీపేట దాకా పోవాలి, అంతే. ఇంజనులోకి బయటివాళ్ళను ఎక్కించకూడదని రూలు. ప్రభుదాస్ రూలు తప్పే రకం కాదు. "రిటైరైనంక చూద్దాం తియ్" అంటూ ముప్ఫై నాలుగేళ్ళు నెట్టుకొచ్చాడు. తీరా రిటైరయ్యాక ఆయనకే ఇంజను ఎక్కే యోగ్యత లేకుండా పోయింది.

అప్పుడు వచ్చిందా ఆట. సరిగ్గా ఆ దారిలోనే, స్టేషన్లతో గేట్లతో సహా, ఇంట్లో కూర్చుని రైలు నడపొచ్చు. నలభయ్యో పెళ్ళిరోజుకు ఎక్కిస్తానని ప్రభుదాస్ మాటిచ్చేశాడు. లీలాకుమారి ఆ పూటే పట్టుచీర తీసి ఎండకు వేసింది.

వీధి చివర కంప్యూటర్లు బాగుచేసే హుజైఫా ఈ సంగతి విని నవ్వాడు.

"కొనుడెందుకు అంకుల్? నా దగ్గర క్రాక్ చేసింది ఉన్నది. యాక్టివేషన్ లేదు, నెట్టు సుత అక్కర్లేదు. పది నిమిషాల్ల ఎక్కిస్తా."

"ముప్పై నాలుగేండ్లు బండి నడిపిన బేటా! టికెట్ లేనోణ్ణి ఒక్కణ్ణి ఇంజన్ల ఎక్కించుకోలే. కట్టుకున్నదాన్నే ఎక్కించుకోలే!"

"గదైతే నిజం," అంది లీలాకుమారి. ఆ మాట మెచ్చుకోలుగా అన్నట్టు ఎవరికీ అనిపించలేదు.

అసలు కాపీ వచ్చింది. పెట్టెలో చీటీ మీదున్న ఇరవై అయిదు అక్షరాలను ప్రభుదాస్ కళ్ళద్దాలు తుడుచుకుని మరీ కొట్టాడు. ఎక్కడో ఉన్న సర్వరు ఆలోచించి, సరేనంది. అయిదు రోజులు ఆయన ప్రాక్టీసు చేశాడు. ఆరో రోజు పొద్దున ఆట తెరుచుకోలేదు. మీ కాపీని అయిదుగురికి పంచిపెట్టారని మాకు గట్టి అనుమానం, సిగ్గుపడండి అన్న అర్థం వచ్చేలా ఎర్రటి సందేశం వచ్చింది.

జరిగిందేమిటంటే, రైల్వేలో డ్యూటీ ఎక్కేటప్పుడు సంతకం పెట్టాలి, దిగేటప్పుడు బండి అప్పజెప్పి సంతకం పెట్టాలి. అప్పజెప్పకుండా ఇంటికెళ్ళడం పరమ నేరం. ఆటలో 'డీయాక్టివేట్' అనే బొత్తాం కనబడేసరికి ఆయనకు ప్రాణం లేచొచ్చింది. రోజూ సాయంత్రం అది నొక్కి బండి కంపెనీకి అప్పజెప్పాడు, రోజూ పొద్దున మళ్ళీ యాక్టివేట్ చేసి చార్జి తీసుకున్నాడు. ఒక కాపీకి జన్మలో అయిదు యాక్టివేషన్లేనని ఆటతో వచ్చిన ఒప్పందంలో రెండు వందల పద్నాలుగో పేజీలో ఉంది. (ఆ పేజీ చదివినవాడు దాన్ని రాసినవాడు ఒక్కడే. అతను ఉద్యోగం మానేశాడు.)

పెళ్ళిరోజుకు ఇంకా పదకొండు రోజులున్నాయి. ప్రభుదాస్ హెల్ప్‌లైనుకు ఫోన్ చేశాడు. కంపెనీ వారి నిజాయితీ నిర్ధారణాధికారి (దక్షిణ మండలం) హేమచంద్ర ఎంతో మర్యాదగా మాట్లాడాడు. బిల్లు కావాలన్నాడు. ఆ రోజు దినపత్రికతో కలిపి ఆట పెట్టెకు ఫోటో తీయించమన్నాడు. దొంగ కాపీలున్న వాళ్ళెవరితోనూ స్నేహం లేదని స్టాంపు కాగితం మీద రాసిమ్మన్నాడు. ప్రభుదాస్‌కు హుజైఫా ముఖం గుర్తొచ్చింది గానీ, స్నేహం కాదు పరిచయమేనని సర్దిచెప్పుకుని సంతకం చేశాడు.

"ఆఖరుగా, మీరు మన ఆట ఆడుతున్న వీడియో ఒకటి పంపండి సార్," అన్నాడు హేమచంద్ర.

"ఆట తెరుసుకుంటలేదనే గద సార్ నా తక్లీఫ్! వీడియో యాడికెల్లి తేవాలె?"

"యాక్టివేషన్ అయితే తెరుచుకుంటుంది సార్."

"యాక్టివేషన్ ఎప్పుడైతది?"

"వీడియో రాగానే."

నాలుగు రోజులు ఈ సంభాషణే నడిచింది. అయిదో రోజు హేమచంద్ర పైవాళ్ళతో మాట్లాడి ప్రత్యేక మినహాయింపు తెచ్చాడు. ఆట లేకపోయినా ఆడుతున్నట్టు నటిస్తే చాలు, మూడు నిమిషాలకు తగ్గకూడదు.

ప్రభుదాస్ నల్లటి తెర ముందు నిటారుగా కూర్చున్నాడు. లేని పిడి తిప్పాడు. "స్టార్టర్ గ్రీన్!" అని లేని సిగ్నలుకు చెయ్యెత్తి అరిచాడు, డ్యూటీలో అరిచినట్టే. నోటితో హారన్ కొట్టాడు. ఫోన్ పట్టుకుని వీడియో తీస్తున్న లీలాకుమారి నవ్వబోయి, మొగుడి ముఖం చూసి ఊరుకుంది. ఆయన నిజంగానే మౌలాలి స్టేషను దాకా పోయాడు.

"హారన్ చాలా సహజంగా ఉంది," అని హేమచంద్ర రాతపూర్వకంగా అభినందించాడు.

సరిగ్గా పెళ్ళిరోజు పొద్దున యాక్టివేషన్ వచ్చింది. అనుమానితుల జాబితాలోంచి బయటపడ్డవాళ్ళు ఆట నడిచినంతసేపూ కంప్యూటర్ కెమెరా తెరిచి ఉంచాలని ఒక చిన్న షరతు పెట్టారు, అంతే. లీలాకుమారి పట్టుచీర కట్టుకుంది. టిఫిన్ డబ్బాలో పులిహోర పెట్టుకుని, నీళ్ళసీసాతో వచ్చి కుర్చీలో కూర్చుంది. బండి కదిలింది.

"అబ్బ! పట్టాలు మన మీదికే వస్తున్నయి గదయ్యా!" అంది. నలభై ఏళ్ళలో ఆమె గొంతు అంత సంబరంగా ప్రభుదాస్ వినలేదు.

మౌలాలి రాకముందే బండి ఆగిపోయింది. కెమెరాలో రెండు ముఖాలు కనిపిస్తున్నాయని, ఈ లైసెన్సు ఒక్క మనిషికేనని, రెండో మనిషి గదిలోంచి వెళ్ళేదాకా బండి కదలదని తెర మీద వచ్చింది. ప్రభుదాస్ ఫోన్ అందుకున్నాడు.

"ఆమె ఆడుతలేదు సార్! నా భార్య. ఊకె సూస్తున్నది."

"చూడటానికి ప్రేక్షక లైసెన్సు వేరే ఉంది సార్."

"గది సుత కొంట. ఇప్పుడే కొంట."

"ఇంకా విడుదల కాలేదు సార్. పెళ్ళిరోజు శుభాకాంక్షలు."

ప్రభుదాస్ ఫోన్ పెట్టేసి తెర వంకే చూశాడు. భార్య వంక చూసే ధైర్యం లేదు. అయినా రూలు రూలే.

"లీలా... జెర దిగుతవా?"

ఆమె టిఫిన్ డబ్బా తీసుకుని, చెప్పులేసుకుని బయటికి పోయింది. ప్రభుదాస్ ఒక్కడే నడిపాడు. అన్ని సిగ్నళ్ళూ పైకే పలికాడు. ఒక్క నిమిషం ఆలస్యం లేకుండా కాజీపేట చేరి, బండి అప్పజెప్పకుండా లేచాడు.

లీలాకుమారి మధ్యాహ్నం వచ్చింది. డబ్బా ఖాళీగా ఉంది.

"యాడికి పోయినవ్?"

"కాజీపేట," అంది. "హుజైఫా దుకాణంల ఎక్కిన. పోరడు మంచిగ నడుపుతడు. దారిల భువనగిరి గుట్ట గూడ సూపించిండు. సగం పులిహోర వానికి పెట్టిన."

ఆ సాయంత్రమే ప్రభుదాస్‌కు కంపెనీ నుంచి ప్రశంసాపత్రం వచ్చింది. ఆయన కాపీలో ఆయన తప్ప రెండో మనిషి ప్రయాణించలేదని ధ్రువీకరించడానికి వారు ఎంతగానో సంతోషిస్తున్నారు.