పదకొండు పళ్లేల పుట్టినరోజు

ఆ శనివారం పొద్దున్న విజయలెచ్చుమి వేసుకున్న లెక్క చాలా చిన్నది. ముందు గుడికి వెళ్లి మొగుడి పేరు మీద అర్చన చేయించాలి. మధ్యాహ్నం కూతురు తీసుకెళ్తానన్న చోట నాలుగు మెతుకులు తినాలి. సాయంత్రం బస్సెక్కి తమ ఊరు తెలుక్ ఇంటాన్ చేరిపోవాలి. మధ్యలో ఎవరూ చావకుండా ఉంటే చాలు.

చావు మాట ఆమెకు ఊరికే రాలేదు. మొగుడు కాంతయ్యకు ఆ రోజుతో అరవై నిండుతున్నాయి. వాళ్ల వంశంలో మగవాళ్లకు అరవై నిండడం అలవాటు లేదు. తండ్రి నిండకుండానే పోయాడు. అన్నగారైతే ఇంకో వారంలో నిండుతాయనగా, సుంగై సుమున్ తోటలో సైకిల్ మీంచి దిగి, స్టాండు వేసి మరీ పోయాడు. అందుకే గుడిలో శాంతి చేయించాలని ఆమె ఏడాదిగా పోరుతోంది. కూతురు మేనక వింటేనా. కౌలాలంపూర్‌లో ఉద్యోగం, బ్రిక్‌ఫీల్డ్స్‌లో అద్దె ఇల్లు, అన్నిటికీ ఒకటే జవాబు.

"శాంతి వచ్చే నెల సేయిద్దాంలా అమ్మా. ఈ రోజు మాత్రం నాది."

"వచ్చే నెలకి మనిసి ఉండాల కదే."

"అమ్మా! పుట్టినరోజునాడు ఏటి మాటలివి?"

కాంతయ్య బనీనుతో కూతురి వంటింట్లోకి తొంగిచూశాడు. "నాను ఇక్కడే ఉన్నాను. తల్లీకూతుళ్లు నన్ను తరవాత సంపుదురుగాని, ముందు దోసె ఉన్నాదా నేదా సెప్పండి."

దోసె లేదు. మేనక పెట్టనివ్వలేదు. "ఆ రెస్టారెంట్‌లో పదకొండు రకాలు పెడతారు నాన్నా. ఒక్కోటీ కొంచెం కొంచెం, రుచికి. పొట్ట ఖాళీగా ఉండాల."

పదకొండు అనగానే విజయలెచ్చుమి చేతిలో కడుతున్న పూలదండ ఆగిపోయింది. 

"పన్నెండు పెట్టరా?"

"పెట్టరు."

"పోనీ, పది?"

"అమ్మా, అది సెఫ్ ఇష్టంలా!"

పదకొండో రోజున ఏ ఇంట్లో ఏం చేస్తారో విజయలెచ్చుమికి తెలుసు. ఎందుకైనా మంచిదని దేవుడికి మొక్కుకుని కొంగు చివర ఒక నాణెం ముడి వేసుకుంది.

గుడిలో అర్చన ముగించుకుని ముగ్గురూ వెళ్లిన ఆ రెస్టారెంట్ ఒక పాత తెల్లదొర బంగళా. చుట్టూ తోట, లోపల చల్లదనం, గోడల దగ్గర తెల్లటి ఆర్కిడ్ పూలు. మాట్లాడేవాళ్లు కూడా గుసగుసగానే మాట్లాడుతున్నారు. విజయలెచ్చుమికి ఆ తెల్లపూలూ నచ్చలేదు, ఆ గుసగుసలూ నచ్చలేదు. నిండైన ఇంట్లో మనుషులు అలా మాట్లాడుకోరు.

వడ్డించడానికి వచ్చినామె పేరు అంబిగ, తమిళావిడ. నడివయసు, నల్ల కోటు, నవ్వుమొహం. కాంతయ్యను కిటికీకి ఎదురుగా పెద్ద కుర్చీలో కూర్చోబెట్టి, ముందు దీపం ఒకటి వెలిగించి, మొదటి పళ్లెం ఆయన ముందే పెట్టింది. నల్లరాతి పళ్లెం. దాని నడిమధ్యన బొటనవేలంత ఉడికిన కర్రపెండలం. దాని మీద గోరంత ఎండుచేప.

"నాన్నా, సిన్నప్పుడు తోటలో తిన్నది!" అంది మేనక, కళ్లు మెరిపిస్తూ.

ఆ మెరుపు చూశాక విజయలెచ్చుమికి అసలు సంగతి తట్టింది. కిందటి నెల మేనక ఫోన్ చేసి, నాన్నకు చిన్నప్పట్నుంచి ఏమేం ఇష్టమో అడిగింది. వండుతుంది కాబోలని తను అన్నీ చెప్పింది. కర్రపెండలం, ఎండుచేప, గోంగూర, పొగ పెట్టిన చేప, సంతలో చీనావాడు అమ్మే నువ్వుల ఉండ. ఒక మనిషికి ఇష్టమైనవన్నీ ఏరి, కొంచెం కొంచెంగా, ముందర దీపం పెట్టి, తెల్లపూల మధ్య వడ్డించడం ఆమె ఎరగనిది కాదు. అత్తగారి పెద్దదినం నాడు ఆకు వేసి తనే వడ్డించింది. అత్తగారికి ఇష్టమని చివర్న ఒక చుట్ట కూడా పెట్టింది.

ఆమె లేచింది. "సెయ్యి కడుక్కొస్తాను."

కడుక్కోవడానికి కాదు. మరుగుదొడ్డి పక్కన నమాజు గది ఉంది, దాని లోకప్పుకి మక్కా దిక్కు చూపే కిబ్లత్ బాణం ఉంది. ఆ బాణం పడమర చూపిస్తుందని మలేసియాలో పుట్టిన ఎవరికైనా తెలుసు. విజయలెచ్చుమి బాణం కింద నిలబడి, పడమరకు మొహం పెట్టి, ఎడమచెయ్యి చాపింది. చెయ్యి సరిగ్గా కిటికీ వైపు చూపించింది. కాంతయ్య దక్షిణానికి తిరిగి కూర్చున్నాడు!

తిరిగొచ్చి ఆయన మోచెయ్యి పట్టి లేపేసింది. "లెగండి. ఈ పక్క కూకోండి."

"ఇక్కడ ఎండ కళ్లల్లో పడతాదే."

"పడనీండి. ఎండ పడితే సావరు."

తూర్పు మొహాన కూర్చుని కాంతయ్య కళ్లు చిట్లించి పళ్లేన్ని వెతుక్కున్నాడు. చెంచా నోటి దగ్గరికి రాగానే బల్లకింద ఆమె కాలు ఆయన కాలిని తొక్కింది.

"తినకండి."

"ఏటే! నాను పొద్దున్నుంచి..."

"తినకండన్నాను కదా. పిల్ల సూస్తాది, నవ్వండి."

ముప్పై ఏళ్ల కాపురంలో ఆ గొంతు ఎప్పుడు వినాలో కాంతయ్య నేర్చుకున్నాడు. నవ్వాడు. విజయలెచ్చుమి బాధ ఎవరికి చెప్పుకోవాలి? పళ్లెం అలాగే వదిలేస్తే కూతురి మనసు విరిగిపోతుంది. మొగుడు తింటే మొగుడే పోతాడు. మిగిలిన దారి ఒక్కటే. మేనక ఫోన్‌తో పువ్వుల ఫొటో తీస్తుండగా, తనది గబగబా మింగి, ఖాళీ పళ్లెం అటు జరిపి, ఆయన నిండు పళ్లెం ఇటు లాక్కుని, రెండోది కూడా మింగేసింది.

"అప్పుడే తినేసినావా నాన్నా! బాగుందా?"

"నాకేటి తెలుసే. మీ అమ్మనడుగు."

గోంగూర వచ్చింది, ఆకు మీద మంచుబొట్టంత. విజయలెచ్చుమి రెండు బొట్లు నాకింది. తర్వాత గుడ్డు వచ్చింది, రెండు తింది. ఆ తర్వాత గాజు గిన్నె బోర్లించిన పళ్లేలు వచ్చాయి. అంబిగ గాజు పైకెత్తగానే తెల్లటి పొగ గుప్పుమని బల్లంతా కమ్మి, కాంతయ్య మొహాన్ని మూసేసింది.

"సాంబ్రాణి!" విజయలెచ్చుమి గుండె మీద చెయ్యి వేసుకుంది.

"పొగ పెట్టిన సేప అమ్మా," అంది మేనక.

పొగలోంచి కాంతయ్య గొంతు వచ్చింది. "సేప ఉన్నాదా? ఏ పక్కన?"

పొగ తేలేసరికి ఆయన చేప లేదు. విజయలెచ్చుమి నోరు తుడుచుకుంటోంది. ఆమెకు కడుపు నిండింది. ఇంకా సగానికి పైగా పళ్లేలు రావాలి. ఇలా తింటూ పోతే ఆయన బతుకుతాడేమోగాని తను బతకదని ఆమెకు అర్థమైంది. ఇక బయటివాళ్లతోనే చెప్పుకోవాలని, వంటగది తలుపు దగ్గర అంబిగను పట్టుకుని, తనకొచ్చిన తమిళంలో గొంతు తగ్గించి చెప్పింది.

"అమ్మా, మీకు తెలియక పెడుతున్నారు. ఇష్టమైనవన్నీ ఇలా కొంచెం కొంచెం పెట్టడం మా ఇళ్లల్లో పోయినవాళ్లకే."

అంబిగ మొహంలో నవ్వు ఆరిపోయింది. "పడైయలా ఆంటీ, పోయినవాళ్లకు వడ్డించడమా? మా ఇళ్లల్లోనూ అంతే."

"అదే! అదే!" తన బాధ తెలిసిన మనిషి ఒకరు దొరికినందుకు విజయలెచ్చుమికి కళ్లనీళ్లు తిరిగాయి.

ఆ కన్నీళ్లు చూసి అంబిగ ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "నాకు ముందే చెప్పాల్సింది ఆంటీ. మేం పుట్టినరోజు అనుకుని నవ్వుతూ తిరిగేస్తున్నాం. మీరు దిగులు పడకండి, అంతా మేం చూసుకుంటాం."

విజయలెచ్చుమి గుండె తేలికై వచ్చి కూర్చుంది. ఇక పళ్లేలు ఆగిపోతాయనుకుంది. అంబిగ మాత్రం ఈ కుటుంబం పోయిన మనిషిని తలుచుకోవడానికి వచ్చిందనుకుని లోపలికి వెళ్లింది.

ముందు సన్నగా మోగుతున్న పాట ఆగింది. తర్వాత దీపాల వెలుగు తగ్గింది. వడ్డించేవాళ్లు తలలు దించుకుని నడవసాగారు. ఒకామె తెల్ల ఆర్కిడ్లు ఇంకొన్ని తెచ్చి బల్ల మీద సర్దింది. చివరికి అంబిగ ఇంకో కుర్చీ తెచ్చి కాంతయ్య పక్కన వేసింది. దాని ముందు పళ్లెం పెట్టి, చెంచా పెట్టి, మంచినీళ్లు పోసి, ఖాళీ కుర్చీకి దణ్ణం పెట్టి వెళ్లిపోయింది.

"ఇంకెవరొస్తారే?" అన్నాడు కాంతయ్య.

"నాకు తెలవదు నాన్నా. ముగ్గురికే బుక్ సేసినాను."

విజయలెచ్చుమికి తెలుసు. ఆయన పక్కనే కుర్చీ. కూర్చుని కాస్త తిని, చెయ్యి పట్టుకుని తీసుకుపోవడానికి అంతకంటే వీలైన చోటు ఉండదు. "యముడికి కుర్చీ ఏసినారు తల్లీ," అని లోలోపలే అనుకుంది.

అప్పుడు నువ్వుల ఉండలు వచ్చాయి. చీనావాడి కొట్లో అవి ఎర్రగా వేగి, నిమ్మకాయంత ఉండేవి. ఇక్కడ తెల్లటి బియ్యప్పిండి ఉండను నల్లనువ్వుల్లో దొర్లించి పళ్లేనికొకటి పెట్టారు. ఖాళీ కుర్చీ ముందూ ఒకటి. నువ్వులూ, పిండీ, ముద్ద. కిటికీ అవతల కొమ్మ మీద కాకి ఒకటి వాలి, మెడ వంచి లోపలికి చూసింది.

విజయలెచ్చుమి ఇక ఆపుకోలేకపోయింది.

"మేనకా! పిండం పెట్టించినావే! బతికున్న మనిసికి పిండం పెట్టించినావు! పదకొండన్నావు, దక్షిణానికి కూకోబెట్టినావు, పొగేసినావు, ఇప్పుడు కాకి కూడా వచ్చీసింది. నాను ఒక్కదాన్ని ఎన్నని తిననే? ఆయనది కూడా నానే తిన్నాను, నీ నాన్నకి ఏటీ కాకూడదని."

పక్క బల్లలవాళ్లు చెంచాలు దించారు. మేనక తల్లిని చూసింది, తండ్రి ముందున్న తుడిచినట్టున్న పళ్లెం చూసింది.

"అంటే... నాన్న ఏటీ తినలేదా?"

"ఒక్క పొగ తిన్నాను," అన్నాడు కాంతయ్య.

మేనక కళ్లు నిండిపోయాయి. కోపంతో మాట తమిళంలోకీ ఇంగ్లీషులోకీ తిరిగి తిరిగి చివరికి ఇంటి మాట దగ్గరే ఆగింది. "నానమ్మ పోయినప్పుడు నువ్వు ఆకులో అన్నీ పెట్టినావు. నీకు గుర్తున్నాదా అమ్మా? నాను పక్కనే కూకున్నాను. పాయసం పెట్టినావు, సేప పెట్టినావు, సుట్ట కూడా పెట్టినావు. నానమ్మ ఒక్కటీ తినలేదు. కాకే తిన్నాది. నాకు అప్పట్నుంచీ అదే. నాన్నకి మాత్రం నోరున్నప్పుడే పెట్టాలని."

విజయలెచ్చుమికి ఇంకో సంగతి కూడా గుర్తొచ్చింది. అత్తగారు బతికున్నన్నాళ్లూ ఒంటికి పడదని తను చేప దాచేసిన రోజులు చాలానే ఉన్నాయి.

అంతలో నమిలే చప్పుడు వినిపించింది. కాంతయ్య తన ఉండ తినేశాడు. చెయ్యి చాపి ఖాళీ కుర్చీ ముందున్న ఉండ కూడా తీసి నోట్లో వేసుకున్నాడు.

"అయ్యో! అది తినకూడదు! కాకి ముట్టాల!"

"కాకి లోపలికి రానేదు," అన్నాడు కాంతయ్య, వేళ్లకంటిన నువ్వులు నాకుతూ. "నానొచ్చినాను. నీది తింటావా, ఇటియ్యి."

సరిగ్గా అప్పుడే వంటగదిలోంచి షెఫ్ వచ్చింది. చీనా ఆడమనిషి, తెల్లకోటు, చేతిలో తెల్ల చామంతులు. అంబిగ వెనకాలే నిలబడింది. షెఫ్ తల వంచి, మీ దుఃఖంలో మేమూ పాలుపంచుకుంటున్నామని ఇంగ్లీషులో మెల్లగా చెప్పి, పోయింది ఎవరని అడిగింది.

మేనక తల్లి వైపు చూసింది. అంబిగ కూడా చూసింది. విజయలెచ్చుమికి వేరే ఎవరి పేరూ తోచక మొగుడి వైపు చూసింది. కాంతయ్య మూడో ఉండ నములుతూ, షెఫ్ చేతిలోని పూలు మర్యాదగా అందుకున్నాడు.

"తెరిమా కాసి," అని మలయ్‌లో థాంక్స్ చెప్పాడు. "సాలా బాగుంది. ఇంకా ఉన్నాదా?"

ఉంది. దీపాలు మళ్లీ వెలిగించి, నాలుగో కుర్చీ తీసేసి, అంబిగ పదేపదే క్షమాపణలు చెబుతూ మిగిలిన పళ్లేలన్నీ తెచ్చింది. కాంతయ్య ఒక్కటీ వదల్లేదు. విజయలెచ్చుమి ఏదీ ముట్టలేకపోయింది. ఆయన మింగిన ప్రతిసారీ గుటక గొంతు దాటిందో లేదో చూస్తూ, ఒక చేత్తో కొంగు ముడి, ఇంకో చేత్తో తన పొట్టా పట్టుకుని కూర్చుంది.

మొదటి నాలుగు పళ్లేలు పెళ్లాం కడుపులో ఉన్నాయి కాబట్టి ఆయన ఆకలి తీరలేదు. బ్రిక్‌ఫీల్డ్స్‌కు తిరిగి రాగానే మొదట కనపడిన అరిటాకు భోజనం కొట్లో కూలబడ్డాడు. అన్నం రాశిగా పోశారు. కూరలు ఒకదాని మీద ఒకటి కలిసిపోయాయి. విజయలెచ్చుమి ఆ కలగాపులగాన్ని తృప్తిగా చూసి, పోయినవాళ్లకు ఎవరూ ఇంత పెట్టరని, ఇంకో గరిటె సాంబారు పోయించింది. ఆయన తిని, త్రేన్చి, ఆకును తనవైపే మడిచాడు. చావింట్లో అయితే అవతలికి మడుస్తారు, ఆమె అది కూడా చూసుకుంది. ఆ రోజుకు గండం గడిచినట్టే.

బస్సు ఎక్కించేటప్పుడు మేనక తల్లి భుజం మీద చెయ్యి వేసింది. "నీకు కూడా ఇంకో మూడేళ్లకి అరవై అమ్మా. నీకేటేటి ఇష్టమో సెప్పు."

విజయలెచ్చుమి కొంగు ముడి గట్టిగా పట్టుకుని, తనకు ఇష్టమైనది ఈ లోకంలో ఏదీ లేదని చెప్పింది.