బావికి బదులు గ్లోబు

ఆ పొద్దు ఒక మబ్బు తునక మంత్రాలయం దిక్కునుంచి వచ్చింది. మా ఊరి మీద కాసేపు నిలబడి, ఎవరినీ పలకరించకుండా పోయింది. పోనీండి! ఊరికి కావలసింది వాన కాదు, బావి అంతకన్నా కాదు, గ్లోబు. ఈ మాట బాగా ఆలోచించే రాస్తున్నాను.

బడి దగ్గర బావి తవ్వించమని మేం అర్జీ పెట్టుకున్నప్పుడు మాది బళ్లారి జిల్లా. జవాబు వచ్చేలోగా కర్నూలు జిల్లా అయింది. మేం కూర్చున్నచోటే ఉన్నాం, జిల్లా తిరిగింది. భూమి తిరుగుతుందనడానికి ఇంకేం రుజువు కావాలి? చివరికి సర్కారు దయతలచి, ఆ పొద్దే ఎమ్మిగనూరు బస్సులో పెద్ద పెట్టె పంపింది. తవ్వబోయే బావికి ముందే పంపు వచ్చిందనుకుని మాదన్న టెంకాయ కొట్టాడు.

పెట్టెలోంచి గ్లోబు వచ్చింది. హనుమక్క సంతలో కడవను చూసినట్టు వేలి కణుపుతో టకటకా కొట్టి చూసింది.

"పగులు లేదు అయ్యవారూ. మూతి యాడుంది దీనికి?"

"కడవ కాదక్కా, ఇది భూమి," అన్నాడు అయ్యవారు రంగప్ప. "నీలంగా ఉండేదంతా నీళ్లే. మూడుపాళ్లు నీళ్లు, ఒకపాలు నేల."

"మరి మన ఊరు?"

రంగప్ప నేల నడిమధ్య పుల్ల పెట్టి చూపించాడు.

"ఈడ పెట్టినారా మనల్ని! రోంత పక్కకు జరిపింటే ఏం పోయిండేదప్పా!"

చూశారా లాభం! రోజూ మూడు మైళ్లు కడవ మోసే మనిషికి, నీళ్లు ఎక్కడెక్కడ ఉన్నాయో ఇప్పుడు కచ్చితంగా తెలిసింది. బావి ఎండుతుంది, సముద్రాలు ఎండుతాయా? పూడిక తీసే పని ఉందా? పేట అవతలి యేసేపు వచ్చి ఏకంగా సముద్రాన్నే ముట్టుకున్నాడు, ఎవరూ ఏమీ అనలేదు. పాత బావిలో నీళ్లున్న రోజుల్లో అతణ్ణి గట్టు ఎక్కనిచ్చామా?

గ్లోబుతోపాటే బస్సు దిగిన బడుల ఇన్‌స్పెక్టరు గారితో మధ్యాహ్నం బడి వసారాలో జొన్నరొట్టెకు కూర్చున్నాం.

"నీళ్లు?" అన్నాడాయన.

హనుమక్క ఉన్న ఒక్క చెంబూ ఆయన ముందు పెట్టింది. "మీరు తాగండి సామీ. మా పిల్ల బసమ్మ నీళ్లకని వంకకు పోయినాది, వస్తే మాకు తెస్తాది."

ఆయన చెంబు ఖాళీ చేశాడు. మేం మాట్లాడలేదు. ఎండు రొట్టె నోట్లో పెట్టుకుని మాట్లాడితే గొంతు పట్టుకుంటుంది. మా క్రమశిక్షణకు ఆయన ముచ్చటపడి, వచ్చే ఏడు ఇంకొక గ్లోబు మంజూరు చేయిస్తానని డైరీలో రాసుకున్నాడు.

మేం తల ఊపాం. నములుతూనే ఉన్నాం.