గ్లాసులో ముక్కు

టీచరమ్మ తలుపు తీసేసరికి ఇల్లంతా గ్యాస్ వాసన!

వంటింట్లోకి పరుగెత్తింది. స్టవ్ నాబ్ తిప్పి ఉంది, మంట లేదు. స్టవ్ మీద టీ గిన్నె. దానికి రెండడుగుల దూరంలో ఆమె భర్త. ప్రాణంతోనే ఉన్నాడు. కళ్ళు మూసుకుని, ముక్కు వైన్ గ్లాసులో పెట్టి, నింపాదిగా ఊపిరి పీలుస్తున్నాడు.

ఆమె నాబ్ కట్టేసి కిటికీలు బార్లా తెరిచింది.

"అబ్బ, మూసెయ్, మూసెయ్! గాలి తగిలితే సువాసన చెదిరిపోతుంది," అన్నాడు కళ్ళు తెరవకుండానే. "తడి రాయి... కాస్త నల్ల ద్రాక్ష... అడుగునెక్కడో పాత తోలు."

చూశారా, పాఠకులారా! దీన్నే ఏకాగ్రత అంటారు. మునులు అడవులకు పోయి, గడ్డాలు పెంచి, ఏళ్ళ తరబడి ముక్కు మూసుకుంటే గానీ దొరకనిది, కళ్ళజోళ్ళ షాపు నడుపుకునే ఒక మామూలు గృహస్థుకి ముక్కు తెరిచినందుకే దొరికింది. ఇంటి భోజనానికి వైన్ జత కుదిర్చే విద్య సంసారాలను పాడుచేస్తోందని ఎవరైనా అంటే నమ్మకండి. అది వరం!

కాకపోతే మరేమిటి? ఎనిమిది నెలల క్రితం వరకు ఆ ఇంట్లో భోజనం పావుగంటలో అయిపోయేది. ఆమె వడ్డించేది, ఆయన తినేవాడు. "ఇవాళ మిరియాలు ఎక్కువయ్యాయోయ్" అనో, "ఈ వేపుడు ఇంకాస్త ఉందా?" అనో అనేవాడు. ఇరవై రెండేళ్ళూ అదే ముచ్చట. ఎంత అనాగరికం!

ఇప్పుడో? సూప్‌కి ఒక సీసా, చికెన్‌కి ఒకటి, బంగాళాదుంపకి మరొకటి. మూత తీశాక సీసాకి ఊపిరాడాలని అరగంట ఆగాలి. సీసాకి ఊపిరాడుతుంది, కూర చల్లారుతుంది, కూర్చున్నవాళ్ళకి ఓర్పు అలవడుతుంది. ఒక కుటుంబానికి ఇంతకన్నా ఏం కావాలి?

ఆయన తల్లికి మాత్రం ఈ నాగరికత ఒంటబట్టలేదు.

"ఒరేయ్, దాన్నలా దీపానికెదురుగా పట్టుకుని చూస్తావేం? ఎక్స్‌రేనా? తాగితే తాగు, లేకపోతే ముద్ద నోట్లో పెట్టు."

"పుక్కిలించాలమ్మా. అప్పుడే రుచి నాలుకంతా పరుచుకుంటుంది."

"పుక్కిలించేది పళ్ళు తోముకున్నాకరా, సన్నాసీ!"

పెద్దావిడకేం తెలుసు? వైన్ క్లబ్బులో ఆయనకున్న పేరు ఆవిడ చెవిన పడలేదు. చేరిన నాలుగు నెలలకే పాతకాపులందరినీ దాటేశాడు. ఒక్క గుక్క తాగి పదకొండు వాసనలు చెప్పాడని చప్పట్లు కొట్టారు. పాఠాలు చెప్పే వైన్ మాస్టారు లేచొచ్చి కౌగిలించుకున్నాడు. "మీది ముక్కు కాదండీ, వీణ!" అన్నాడు. ఆ నెలలోనే ఆయన్ని క్లబ్బుకి అధ్యక్షుణ్ణి చేశారు.

ఇంతటి రసికుడి ఇల్లాలికి ఒకే ఒక్క కొరత. ఎనిమిది నెలలుగా ఆమె వంట గురించి ఆయన ఒక్క ముక్క మాట్లాడలేదు. "కూరెలా ఉందండీ?" అంటే, "ఈ ఎర్ర వైన్ దాన్ని బాగా మోస్తోంది" అనేవాడు. కూరేదో మూటైనట్టు! బాగుందనక్కర్లేదు, బాగోలేదన్నా చాలునని ఆమె ఎన్నిసార్లనుకుందో.

ఆమె పనిచేసే స్కూలు వేరే ఊళ్ళో కొత్త బ్రాంచి తెరుస్తోంది. ప్రిన్సిపాల్‌గా వెళతారా అని ఉత్తరం ఇచ్చారు. సోమవారంలోగా జవాబు చెప్పాలి. వెళ్ళనని చెప్పేద్దామనే అనుకుంది, గ్యాస్ వాసన వచ్చిన ఆ శనివారం మధ్యాహ్నం వరకు. ఇల్లు పేలిపోతున్నా సీసా వాసనే ముఖ్యమైన మనిషి దగ్గర తనకేం పని?

అయితే ఆమె చెప్పేది కెమిస్ట్రీ. ప్రయోగం చేయకుండా ఫలితం రాసే అలవాటు లేదు.

ఆదివారం చేపల కూర వండింది. అందులో ఒక చెంచా వనిల్లా ఎసెన్స్ పోసింది. చాలదనిపించి ఇంకో రెండు పోసింది. ఇల్లు బేకరీ అయిపోయింది.

"ఏమ్మా, కేకు చేస్తున్నావా? ఎవరిదీ పుట్టినరోజు?" హాల్లోంచి అత్తగారు.

"చేపలండీ అత్తయ్యా."

"నాకు రెండు బ్రెడ్డు ముక్కలు చాలు తల్లీ."

ఆయన వచ్చి కూర్చున్నాడు. గ్లాసు తిప్పాడు, వాసన చూశాడు, ఒక గుక్క తాగి చేప ముక్క నోట్లో పెట్టుకున్నాడు. టీచరమ్మ ఆయన ముఖం వైపే చూస్తోంది. ఛీ అని ఉమ్మేస్తే చాలు, ఆ ఉత్తరం చింపేస్తుంది.

"ఆహా!" అన్నాడు. "ఈ తెల్ల వైన్ చేపలోని సముద్రాన్ని బయటికి లాగింది!"

ఎంతటి విద్య, పాఠకులారా! కేకులోంచి సముద్రాన్ని లాగడం మీ వల్లా మా వల్లా అవుతుందా?

పెద్దావిడ నోరు వెళ్ళబెట్టింది. ఆయన ఇంకో ముక్క వేయించుకున్నాడు. టీచరమ్మ లేచి ఉత్తరం ఉన్న సొరుగు దాకా వెళ్ళింది. సొరుగు లాగబోయి, చెయ్యి ఆపింది. వైన్ మీద ఎంత పిచ్చి ఉన్నా చేపలో వనిల్లా దాగుతుందా? నిన్న గ్యాస్ దాగిందా?

వంటింట్లోకి వెళ్ళి వనిల్లా సీసా తెచ్చింది.

"ఏవండీ, ఒక్కసారి కళ్ళు మూసుకోండి."

మూసుకున్నాడు. సీసా మూత తీసి ఆయన ముక్కు కింద పెట్టింది.

"ఇదేమిటో చెప్పండి."

ఆయన పీల్చాడు. మళ్ళీ పీల్చాడు. నుదుటి మీద చెమట పట్టింది.

"అత్తి పండ్లు?" అన్నాడు చాలా చిన్నగా.

ఆయన కళ్ళు తెరిచి సీసా మీది లేబుల్ చదివాడు. తల్లి వైపు చూసి, ప్లేటులోని చేప వైపు చూసి, గ్లాసు పక్కకి జరిపాడు.

"చలికాలంలో జ్వరమొచ్చింది చూడు, అప్పుడే పోయిందోయ్. ఒక్క వాసనా తెలీదు. నాలిక్కి ఉప్పూ కారం తప్ప ఇంకేం అందదు. వాసన మళ్ళీ రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు డాక్టరు. నీకు చెబుదామనే ఇంటికొచ్చా. ఆ రోజు కూర అడుగంటింది. నాకు తెలీక ఘుమఘుమలాడుతోంది అన్నా. వేళాకోళమనుకుని నవ్వేశావు. ఇక మర్నాటి నుంచీ భయం, మళ్ళీ ఎప్పుడడుగుతావో, ఏం చెప్పాలో అని. వైన్ క్లాసులో మొదటిరోజే ఒక చిన్న పుస్తకం చేతికిచ్చారు. దాన్నిండా మాటలే! బట్టీపట్టి వరసగా అప్పజెప్పా. ఒక్కడూ కాదన్లేదు. నేను తోలు అంటే మాస్టారికీ తోలు వాసనే వచ్చింది! అక్కడ నన్ను పట్టుకునేవాడు లేడని తెలిసిపోయింది. ఆ సీసాల గురించి ఎంతసేపైనా వాగగలను. నీ కూరకి పుస్తకం లేదు కదా, తిని చెప్పాల్సిందే. ఊరికే బాగుందని అనేయచ్చనుకో. ఇరవై రెండేళ్ళూ నీకు నిజమే చెప్పానాయె, దానికి మాత్రం నోరు రాలేదు."